వాళ్ళ పండుగలన్నీ అయ్యాక

నా బిడ్డ చనిపోయింది. కువైట్‌లో, వాళ్ళ బక్రీదు రోజున చనిపోయింది. ఆ కబురు మాకు మర్నాడు, ఇక్కడి బక్రీదు రోజున అందింది. అక్కడ నెలవంక మనకంటే ఒక రోజు ముందు కనపడుతుంది. "మీకు రేపు పండుగ అమ్మా, నాకు ఇయ్యాల్నే పని" అని ఏటా ఫోన్‌లో నవ్వేది.

మా ఎల్బీనగర్ బస్తీలో పక్కింటి చాచీ పొద్దున్నే గిన్నె నిండా మాంసం పంపింది. ప్రతి బక్రీదుకూ పంపుతుంది. పొయ్యి మీద ఉల్లిగడ్డలు వేసి కలుపుతుంటే ఫోన్ మోగింది. నా బిడ్డ పనిచేసే ఇంటికి ఎదురింట్లో పనిచేసే కడప ఆమె మాట్లాడింది.

"అక్కా, కూసోని ఉండావా, నిలబడి ఉండావా?"

"పొయ్యి కాడ నిలబడ్డ. ఏంది, చెప్పు."

"పొయ్యి ఆర్పేసి కూసో అక్కా."

నేను ఆర్పలేదు, కూర్చోలేదు. చెప్పమని అరిచాను. ఆమె చెప్పింది. ఉల్లిగడ్డలు మాడి ఇల్లంతా పొగ నిండితే, గోడ అవతలి నుంచి చాచీ "అరె, ఏం మాడుతున్నదమ్మా?" అని కేకేసింది. ఏం మాడుతున్నదని చెప్పను?

మా చర్చి సంఘం పత్రిక వాళ్ళు నా బిడ్డ గురించి రాయమన్నారు. నాకు పెద్ద చదువు లేదు, అయినా నువ్వే రాయాలన్నారు. దేవుడిచ్చిన ఓదార్పు గురించి రాయమన్నారు. నాకు ఇంకా ఓదార్పు దొరకలేదు. కోపం మాత్రం ఉంది. ఉన్నదే రాస్తాను, మీరు చదవండి.

పలకరించడానికి వచ్చినవాళ్ళు ఏమేం మాట్లాడారో వినండి. ఒక పెద్దామె "పండుగ నాడు పోయింది, అదృష్టవంతురాలు" అన్నది. ఇంకొకాయన "దేవుడు తనకు ఇష్టమైన పువ్వును తెంపుకున్నడు" అన్నాడు. దేవుడికి పూలు కరువయ్యాయా? నా ఇంట్లో ఉన్నది ఒక్కటే. నా బిడ్డ పండుగ నాడు పోలేదు, పండుగ పని చేసీ చేసీ పోయింది. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది.

మాది బాటసింగారం పక్కన చిన్న ఊరు. మా ఆయన పోయాక బిడ్డను చంకలో వేసుకుని ఎల్బీనగర్ వచ్చాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్ళల్లో పనికి కుదిరాను. పండుగ వస్తే పనివాళ్ళకు సెలవు అనుకుంటారు కదా మీరు? మాకు పండుగంటే రెండింతల పని. దసరాకు ఇల్లు దులపాలి, దీపావళికి ఇత్తడి తోమాలి, సంక్రాంతికి పిండి కొట్టాలి. బడికి సెలవు ఉంటుంది కాబట్టి బిడ్డ నా వెనకే వచ్చేది. ఎవరి పండుగైనా తనదే అన్నంత సంబరం దానికి. పీరీల పండుగకు ఊరికి పోతే పీరు వెంట ఉరికేది. బతుకమ్మ వస్తే ఎక్కడెక్కడివో గునుగు పూలు కోసుకొచ్చి బస్తీలో అందరి బతుకమ్మలూ తనే పేర్చేది. ఒకసారి మా పాస్టర్ అయ్యగారు చూసి నిలదీశారు.

"నువ్వు ప్రభువు బిడ్డవి. బతుకమ్మ కాడ ఏం చేస్తున్నవ్?"

"నేను మొక్కలేదయ్యగారూ, ఆడిన" అన్నది.

"ఆడుడు గూడ తప్పే."

"మరి ఆడొద్దని బైబిల్ల ఏడున్నదో చూపించుండ్రి, ఆపేస్త."

అయ్యగారు నా వైపు చూశారు. నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

దానికి ఒక అలవాటు ఉండేది. ఎవరింట్లో వండినా, పొయ్యి మీది నుంచి దించిన మొదటిది తీసి వండినవాళ్ళకు పెట్టేది. "వండినోళ్ళది ముందు తియ్యాలె" అనేది. ఇది ఎవరు నేర్పారో నాకు తెలియదు, నేనైతే నేర్పలేదు. నేను పని చేసిన ఒక ఇంటి మేడం విజయవాడ వైపు నుంచి వచ్చినవాళ్ళు. సంక్రాంతికి వాళ్ళింట్లో అరిసెలు వండుతున్నాం. పొద్దున్నుంచి నేను నూనె ముందే ఉన్నాను. మొదటి వాయి తీయగానే ఇది చటుక్కున ఒక అరిసె తీసి నా నోట్లో పెట్టింది. మేడం మొహం మాడిపోయింది.

"అదేంటే! ఇంకా దేవుడికి నైవేద్యం పెట్టలేదు కదా!"

"దేవుడు పొద్దున టిఫిన్ తిన్నడేమో మేడం. మా అమ్మ తినలే" అన్నది.

ఇంటికి వచ్చాక చెంప మీద ఒకటి వేశాను. పని పోతుందని నా భయం. ఏడుస్తుందనుకుంటే ఏడవలేదు. "అరిసె మంచిగున్నదా లేదా, చెప్పు" అని అడిగింది. బాగుంది. ఇంతవరకూ అంత బాగున్న అరిసె నేను తినలేదు.

నా మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పినప్పుడు అది కువైట్ ప్రయాణం పెట్టుకుంది. "ఇగ నువ్వు కూసో, నేను చేస్త" అన్నది. నేను వద్దన్నాను. పరాయి దేశం, తురకల దేశం, ఒక్కదానివి ఎట్లా ఉంటావన్నాను. దానికి కోపం వచ్చింది. "మన పక్కింటి చాచీ ఎవరే? మాంసం పంపితే తింటవ్ గదా" అన్నది. చివరికి వెళ్ళిపోయింది.

ఫోన్ శుక్రవారం చేసేది. అక్కడ వారం సెలవు శుక్రవారమట, చర్చీలో ఆరాధన కూడా ఆ రోజే పెట్టుకుంటారట. "ఈడ ఆదివారం శుక్రవారం నాడు ఒస్తదమ్మా" అని చెప్పేది. ఇంటి పెద్దావిడకు మనసైతే డ్రైవర్‌ను ఇచ్చి పంపేది, చుట్టాలు వస్తే ఆ వారం లేదు. చుట్టాలు ఎప్పుడూ వచ్చేవాళ్ళు.

అక్కడి పండుగలన్నీ నాకు ఫోన్‌లోనే తెలుసు. రంజాన్ వస్తే రాత్రి పగలవుతుంది, పగలు రాత్రవుతుంది అనేది. పొద్దంతా ఇంటివాళ్ళు పడుకుంటారు, ఇల్లు కడిగేది ఇది. చీకటి పడ్డాక వాళ్ళు లేస్తారు, వండేది ఇదే. తెల్లారకముందు మళ్ళీ సహరీ అన్నం. మరి నువ్వెప్పుడు పడుకుంటావే అంటే "బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు" అనేది. అది పరాచికం అనుకుని నేను నవ్వేదాన్ని. నెల సగమయ్యాక పిల్లలు మెడలో సంచులు వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారట, గిర్గియాన్ అంటారట. వాళ్ళ సంచుల్లో బాదం, పల్లీలు, చాక్లెట్లు దోసిళ్ళతో పోయాలి. ఆ పని దానికి ఎంత ఇష్టమో! "ఒక పోరడు మూడుసార్లు ఒచ్చిండమ్మా, టోపీ మార్చుకొని, సంచి మార్చుకొని. నేను గుర్తుపట్టిన గానీ ఏమనలే, మళ్ళ పోసిన" అని చెప్పింది.

పెద్దావిడ గురించి మంచే చెప్పేది. ఆమెను ఇంట్లో అందరిలాగే ఇదీ మామా అని పిలిచేది, అక్కడ మామా అంటే అమ్మ అట. రంజాన్‌లో పగలు నీళ్ళు తాగడానికి ఇది ఇబ్బంది పడుతుంటే ఆమే వంటింట్లోకి నెట్టి, తలుపు వేసి, బయట కాపలా కూర్చునేదట. సాయంత్రం మసీదు నుంచి బాంగు వినపడగానే, తన నోట్లో ఖర్జూరం పెట్టుకోకముందే దీని చేతిలో ఒకటి పెట్టేదట. "ఈమెకు ఎవరు చెప్పిండ్రమ్మా, వండినోళ్ళది ముందు తియ్యాలెనని?" అని ఆశ్చర్యపోయింది. ఆ ముసలామె మీద నాకు కోపం రావడం లేదు. రానందుకు నా మీద నాకు కోపం వస్తోంది.

చలి పోయే రోజుల్లో వాళ్ళ దేశం పండుగ. కార్లకు జెండాలు కట్టుకుని, పిల్లలు పెద్దలు అందరూ రోడ్డు మీద నీళ్ళు చల్లుకుంటారట, నురగ కొట్టుకుంటారట. మర్నాడు గేటు మీది నురగ కడిగేది నా బిడ్డే. అయినా సంబరంగానే చెప్పింది.

"అమ్మా, మనకు తెలంగాణ ఒస్తే మనం గూడ గిట్ల నీళ్ళు చల్లుకుంటమా?"

"ట్యాంకరే వారానికి ఒకసారి ఒస్తది. ఏం చల్లుకుంటం బిడ్డా, మట్టి చల్లుకుంటం."

ఫోన్‌లో పడి పడి నవ్వింది. తర్వాత అడిగింది: "తెలంగాణ కోసం రోడ్డు మీద బతుకమ్మ ఆడుతుండ్రంట గదా, నువ్వు పోయినవా?"

"పోయిన."

"మరి అయ్యగారు ఏమన్నడు?"

"అయ్యగారు గూడ ఒచ్చిండు. జెండా పట్టుకున్నడు."

"ఆయన్ని ఆడమను. మొక్కొద్దు, ఆడాలె అని చెప్పు" అన్నది.

ఇన్ని పండుగలు చెప్పాను కదా, ఇందులో దాని పండుగ ఏది? అక్కడ క్రిస్మస్‌కు సెలవు లేదు. మామూలు పనిరోజు. వెళ్ళిన మొదటి ఏడు అడిగింది, ఇంకా కొత్త, పంపం అన్నారు. తర్వాతి ఏడు పెద్దావిడకు తుంటి ఎముక విరిగింది, ఇది ఉండిపోయింది. ఆ తర్వాత కోడలి కాన్పు. ప్రతిసారీ నేను ఏడ్చేదాన్ని, అది ఓదార్చేది. "వాళ్ళ పండుగలన్నీ అయినంక మన పండుగ అమ్మా. మనది ఏడాది చివర్ల ఒస్తది, ఏం చేస్తం" అనేది. పెళ్ళి మాట ఎత్తినా "క్రిస్మస్‌కు ఒచ్చినంక చూద్దాం" అనేది. అన్నిటికీ అదే సమాధానం.

ఈ ఏడు మాట ఖాయం చేసుకుంది. రంజాన్ అంతా ఒక్క శుక్రవారం కూడా చర్చీకి వెళ్ళకుండా పని చేసింది. బక్రీదు ఒక్కటి దాటించు, క్రిస్మస్‌కు పంపిస్తాం అన్నారు. పెద్దావిడ ఒట్టు వేసిందట. నేను ఇంటికి సున్నం కొట్టించాను.

బక్రీదుకు ముందు ఫోన్ చేసినప్పుడు గొంతు బరువుగా ఉంది. ఏమైందే అంటే "ఏం లేదమ్మా, జర ఒళ్ళు వెచ్చగున్నది" అన్నది. దవాఖానకు పోయినవా అంటే "పండుగ అయినంక తోల్కపోతరంట" అన్నది.

పండుగ అయినంక!

పండుగకు పొట్టేళ్ళు కోయించారట, ముక్కలు కడిగి, సంచులకెత్తి, చుట్టాలకు, బీదలకు పంచాలి. వచ్చిన వాళ్ళకు గిన్నెలకు గిన్నెలు వండాలి. జ్వరంతో అవన్నీ చేసిందని కడప ఆమె చెప్పింది. మధ్యాహ్నం అందరూ తిన్నాక, వంటింటి పక్క గదిలో కాసేపు నడుము వాలుస్తానని పోయింది. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందని కాగితం ఇచ్చారు. గుండె ఆగకుండా ఎవరైనా చనిపోతారా? ఆ కాగితం రాసినవాడిని ఇదే అడగాలని ఉంది నాకు. గుండె ఎందుకు ఆగిందో రాయవయ్యా అని.

మా తమ్ముడు ఆటో నడుపుతాడు. ఆ రోజు మా ఇంట్లో కూర్చుని ఉన్నాడు. "ఆ దేశపోళ్ళే గంత అక్కా, మనుషులు కాదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఏ దేశపోళ్ళురా? దిల్‌సుఖ్‌నగర్ ఏ దేశం?" అని అడిగాను. నాకు విషజ్వరం వచ్చి కీళ్ళు పట్టేసిన ఏడు వినాయక చవితి పూజకు మేడం ఇంట్లో ముప్పై మందికి వండింది ఎవరు? "పండగ అవగానే రెస్ట్ తీసుకో" అని ఆమె అనలేదా? నేను బతికాను, నా బిడ్డ చనిపోయింది. అంతే కదా తేడా. ఇది అరబ్బుల సంగతి కాదు, మన సంగతి కాదు. పండుగ చేసుకునేవాళ్ళ సంగతి, పండుగ పని చేసేవాళ్ళ సంగతి.

ఇక బిడ్డను తెచ్చుకోవాలి. మట్టి మన ఊళ్ళో పెట్టాలి. అదొక్కటే మిగిలింది నాకు. క్రిస్మస్‌కు ఇంటికి వస్తానన్నది, రావాలి. కానీ అక్కడ పండుగ సెలవులు. ఆఫీసు తెరిస్తే గానీ కాగితం కదలదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ తెలంగాణ కోసం దీక్షలు, బంద్‌లు మళ్ళీ మొదలయ్యాయి. బిడ్డను కువైట్ పంపిన ఏజెంటు ఆఫీసుకు పోతే షట్టరు సగం దించి లోపల కూర్చున్నాడు.

"నేనేం చెయ్యాలమ్మా? వాళ్ళు సెలవుల ఉన్నరు, మనం బంద్‌ల ఉన్నం. రెండు దిక్కులు ఒక్కసారి తెరుస్తే పనైతది."

"మరి నా బిడ్డ ఏడుంది ఇప్పుడు?"

"ఐసుపెట్టెల ఉంది. ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అన్నాడు. షట్టరు మీద చెయ్యి వేసి పూర్తిగా కిందికి లాగేసి వచ్చాను. ఉండు లోపలే, నీది కూడా బంద్ అన్నాను.

మేడంకు చెప్పడానికి వెళ్ళాను. మోకాళ్ళు అరిగినా ఆ ఒక్క ఇంటి పని నేను మానలేదు. ఆమె ఏడ్చింది. అబద్ధం చెప్పను, నిజంగానే ఏడ్చింది. చిన్నప్పుడు అరిసె తీసి పెట్టిన సంగతి తనే గుర్తు చేసింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ తనే కలిపి ఇచ్చింది. కళ్ళు తుడుచుకుని, "ఈ గొడవల్లో మా ఆడపడుచు వాళ్ళు కూడా మా ఇంటికే వస్తున్నారు, రేపు ఒక్క పూట వచ్చిపోగలవా?" అని అడిగింది. కాఫీ కప్పు పక్కన పెట్టి లేచాను.  నోరు తెరిస్తే ఆపలేనని భయం వేసింది.

చివరికి వచ్చింది. శంషాబాద్‌లో, సరుకు దిగే వైపు, చెక్కపెట్టెలో. క్రిస్మస్‌కు పంపిస్తాం అన్నారు. పంపించారు.

వ్యాన్ మాట్లాడుకుని బయలుదేరాం. తుర్కయంజాల్ మీదుగా తిరిగి పోదామని తమ్ముడు అన్నాడు, ఆ రోడ్డు మీద కూడా రాళ్ళు పెట్టారని డ్రైవర్ చెప్పాడు. సరే, ఎల్బీనగర్ మీదుగానే వచ్చాం. తోవలో ఎవరైనా ఆపితే తమ్ముడు కిటికీలోంచి తల బయట పెట్టి "జై తెలంగాణ, లోపల శవమున్నది అన్నా" అని అరిచేవాడు, వదిలేసేవాళ్ళు. ఎల్బీనగర్ చౌరస్తాకు వచ్చేసరికి ఆ అరుపు పనిచేయలేదు. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేస్తున్నారు. మీకు తెలుసు కదా, నడిరోడ్డు మీద వండుకుని అక్కడే తిని నిరసన చెప్పడం. నేను కూడా ఒకసారి చేశాను, పప్పు నేనే కలిపాను. నాలుగు దిక్కులా లారీలు, బస్సులు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఆగిపోయి ఉన్నాయి. మెడలో కండువా వేసుకున్న పిల్లగాడు, కాలేజీ చదువుతుంటాడేమో, వ్యాన్ దగ్గరికి వచ్చి చేతులు జోడించి మర్యాదగానే చెప్పాడు.

"అమ్మా, జర ఓపిక పట్టుండ్రి. వంటా వార్పు అయినంక మొదలు మీకే తొవ్వ ఇస్తం."

అయినంక అన్నాడు. ఆ మాట చెవిన పడగానే నాకు ఏమైందో తెలియదు. తలుపు తీసుకుని దిగాను.

"అయినంకనా? వాళ్ళు గూడ పండుగ అయినంక దవాఖానకు తోల్కపోతమన్నరు. ఆఫీసోళ్ళు సెలవులు అయినంక సంతకం పెడ్తమన్నరు. నువ్వు వంట అయినంక తొవ్వ ఇస్తవా? అందరివీ అయినంకనా నా బిడ్డది? అది ఎన్నేండ్లాయె ఇంటికి రాక! ఎవ్వరిది అయినంక పోవాలె అది, చెప్పు!"

ఆ పిల్లగాడు తెల్లబోయాడు. "అమ్మా, నేను... లారీలు కదిలితే గదా అమ్మా, నేనేం..." అంటూ వెనక్కి వెనక్కి పోయాడు. పాపం, వాడు చెప్పింది నిజమే. లారీలు ఎటూ కదలలేవు. కానీ నా కోపానికి ఎదురుగా వాడే ఉన్నాడు.

పెద్ద గంజులో అన్నం కలుపుతున్న ఒకామె గరిటె వదిలేసి వచ్చింది. నా వయసే ఉంటుంది. పెట్టె చూసింది, నన్ను చూసింది.

"ఏ ఊరికి పోవాలె అక్కా?"

"బాటసింగారం కాడికి."

ఆమె వెనక్కి తిరిగి ఒకే ఒక కేక వేసింది: "పిల్లగాండ్లూ, పొయ్యిలు తియ్యుండ్రి. బండి పోకుంటే బిడ్డను చేతుల మీద దాటించుదాం."

కాలుతున్న కట్టెల మీద నీళ్ళు పోశారు. గంజులను చెవులు పట్టి పక్కకు జరిపారు. ఆ కండువా పిల్లగాడే మొదట వచ్చి పెట్టె కింద భుజం పెట్టాడు. లారీల మధ్య సందుల్లోంచి, డివైడర్ మీది నుంచి మోసుకుంటూ విజయవాడ రోడ్డు వైపుకు తీసుకుపోయారు. ఎవరో అలవాటు కొద్దీ "అమర్ రహే" అని అందుకున్నారు. నేను ఆగి గట్టిగా చెప్పాను: "నా బిడ్డ దేనికోసమో ప్రాణం ఇయ్యలే. పని చేసి చచ్చిపోయింది. నినాదాలొద్దు, ఊకుండ్రి." ఊరుకున్నారు. అంత పెద్ద చౌరస్తాలో, అంతమంది మధ్య, చెప్పుల చప్పుడు ఒక్కటే వినిపించింది. అవతల దిక్కు తమ్ముడికి తెలిసినతను ట్రాలీ ఆటో పెట్టుకుని ఉన్నాడు. పెట్టె దించాక అన్నం కలిపే ఆమె నా చెయ్యి పట్టుకుంది.  ఆమె చేతికి పసుపు, వేడి.

ఊళ్ళో మా ఆయన పక్కనే మట్టి చేశాం. కువైట్ నుంచి పెద్దావిడ ఫోన్ చేయించింది. కడప ఆమె పక్కన ఉండి తెలుగులో చెప్పింది. తన మాట తప్పిందని, క్షమించమని అడుగుతున్నదట. వెనక ముసలి ఏడుపు వినపడుతూనే ఉంది. నేను అన్నాను: "నువ్వు మంచిదానివేనమ్మా. నీ మంచితనం తలుపు అడ్డం కూసునేటందుకు పనికొచ్చింది గానీ, దవాఖానకు తోల్కపోయేటందుకు పనికి రాలె."  ఇది అరబ్బీలో చెప్పాలా అక్కా అని కడప ఆమె అడిగింది. చెప్పమన్నాను. చెప్పిందో లేదో నాకు తెలియదు.

డిసెంబరు మధ్యలో మేడం మనిషిని పంపింది. ధనుర్మాసం మొదలైంది, పొద్దున్నే ముగ్గులు, ప్రసాదాలు, ఇంకో మనిషి కుదరడం లేదు, ఎప్పటినుంచి వస్తావు అని. "ముందు నా పండుగ కానియ్యమను. తర్వాత సంగతి తర్వాత" అని చెప్పి పంపాను. ఇన్నేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి. నా బిడ్డ ఉంటే ఎగిరి గంతేసేది. అది బతికి ఉన్నంతకాలం నాకు ధైర్యం నేర్పుతూనే ఉంది, నేను చెంపలు వాయించి భయం నేర్పాను. అయినా దానిదే నిలబడింది. అందుకు దానికి దండం పెట్టుకుంటున్నాను.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, పొద్దుగూకే వేళ, మా సంఘం పిల్లలు క్యారల్స్ పాడుతూ బస్తీలోకి వచ్చారు. చావు జరిగిన ఇంటి ముందు ఆ ఏడు పాడరు. అది మా దగ్గరి మర్యాద. మా గుమ్మం వచ్చేసరికి డోలక్ ఆపారు, తలలు వంచుకున్నారు, చప్పుడు లేకుండా దాటిపోతున్నారు. గడపలో కూర్చున్న నేను లేచి వీధిలోకి వచ్చాను.

"ఎటు పోతుండ్రు?"

పాట చెప్పే అబ్బాయి తడబడ్డాడు. "అమ్మా... మీ ఇంట్ల ఈ ఏడు పాడొద్దని... మిమ్ముల బాధపెట్టొద్దని అయ్యగారు..."

"ఈ ఏడే పాడాలె. అది ఇంటికొచ్చింది ఈ ఏడే. దాని పండుగ ఒచ్చింది, మీరు ఇంటి ముందలి నుంచి దాటిపోతరా?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బాధపడే పాట కాదు. సంబరం పాట పాడుండ్రి. పూర్తిగ పాడుండ్రి, సగంల ఆపొద్దు."

డోలక్ మెల్లగా మొదలైంది. మొదటి చరణంలో సగంమంది గొంతులే కలిశాయి, తర్వాత అందరివీ కలిశాయి. నేను పాడలేదు. నాకు పాడబుద్ధి కాలేదు, ఇప్పటికీ కావడం లేదు. చేతులు కట్టుకుని వాళ్ళ ఎదురుగా నిలబడి ప్రతి మాటా విన్నాను. క్రిస్మస్ తాత వేషం వేసినతను గంతులు వేయాలో మానాలో తెలియక అటూ ఇటూ చూశాడు. పాట మధ్యలో ముసుగు తీసి చంకలో పెట్టుకున్నాడు. చెమటకు తడిసిన మొహంతో, కళ్ళు మూసుకుని, అందరికంటే గట్టిగా పాడుతున్నాడు. దూదిగడ్డం ఊడి ఒక చెవికి వేలాడుతోంది.